మా అమ్మ చేత మాట్లాడించిన మా వీధివాళ్ళకు

నిన్న పొద్దున గుమ్మం ముందు ఆకుకూరల బుట్ట దించగానే మా అమ్మ, "గోంగూర. రెండు కట్టలు" అంది. ఎవరూ అందించలేదు, తనంతట తనే అంది. స్టవ్ మీద పాలు పొంగి పోతున్నా నేను వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయాను. పదకొండు నెలలుగా ఆ రెండు ముక్కల కోసమే ఎదురుచూశాం. ఈ కృతజ్ఞతలు చెప్పడం ఇంక ఆలస్యం చేయలేను.

కిందటేడాది ఉగాదికి వారం ముందు అమ్మకు పక్షవాతం వచ్చింది. మెదడులో ఎడమవైపు దెబ్బతింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, వాటితోపాటే మాటా పోయింది. ముప్పై ఏళ్ళకు పైగా ఒకటో తరగతి పిల్లల చేత అ ఆలు దిద్దించిన మనిషికి నోట్లో ఒక్క మాటే మిగిలింది: "గొడుగు". మంచినీళ్ళూ గొడుగే, మందుబిళ్ళా గొడుగే, నేనూ గొడుగునే. తప్పు వస్తోందని తనకు తెలుస్తూనే ఉండేది, కళ్ళమ్మట నీళ్ళు కారిపోయేవి. ఇంత జరిగినా, "రెండొకట్ల రెండు" అని నేను మొదలుపెడితే రెండో ఎక్కం చివరిదాకా గడగడా చెప్పేసేది! దీన్ని అఫేసియా అంటారనీ, తెలివి ఎక్కడికీ పోలేదనీ, మాటకు వెళ్ళే దారే తెగిందనీ చెప్పింది స్పీచ్ థెరపిస్టు. ఆమె చిన్న వయసు అమ్మాయి. మొదటి దణ్ణం ఆమెకే. డిశ్చార్జి రోజున వరండాలో నేను ఏడుస్తుంటే పక్కన కూర్చుని, "వారానికి రెండు గంటలు నా దగ్గర ఉంటారండి, మిగతా గంటల్లో అమ్మగారితో మాట్లాడేదెవరు?" అని అడిగింది. తర్వాత ప్యాట్రీషియా నీల్ కథ చెప్పింది. ఆ పేరు నేను వినడం అదే మొదలు. ఆ రాత్రి నిద్ర మానుకుని దొరికినంత చదివాను.

ప్యాట్రీషియా నీల్ అమెరికన్ నటి. 1926లో కెంటకీలోని ప్యాకార్డ్ అనే బొగ్గు గనుల ఊళ్ళో పుట్టి, టెనెసీలోని నాక్స్‌విల్‌లో పెరిగింది. 1947లో నాటకాలకు ఇచ్చే టోనీ అవార్డులు మొట్టమొదటిసారి ఇచ్చినప్పుడే ఒకటి అందుకుంది, అప్పటికి ఆమెకు ఇరవై ఒక్కేళ్ళు. 'హడ్' సినిమాలో వంటా ఇల్లూ చూసుకునే ఆల్మా పాత్రకు ఉత్తమ నటిగా ఆస్కార్ వచ్చింది. లోతైన, కాస్త బొంగురు గొంతు ఆమెది. అలాంటి మనిషికి మాట పోవడమంటే ఏమిటో అమ్మని చూశాకే నాకు తెలిసింది.

ఆ ఇంటికి కష్టాలు అంతకుముందే మొదలయ్యాయి. 1960లో న్యూయార్క్‌లో ఆమె నెలల కొడుకు థియో ఉన్న తోపుడుబండిని టాక్సీ గుద్దింది. 1962లో ఏడేళ్ళ కూతురు ఒలీవియా తట్టు సోకి, అది మెదడుకు ఎక్కి చనిపోయింది. 1965 ఫిబ్రవరిలో, ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో, కడుపుతో ఉండగా ఆమె మెదడులో రక్తనాళం చిట్లి, వెంటవెంటనే మూడుసార్లు స్ట్రోక్ వచ్చింది. మూడు వారాలు స్పృహ లేదు. చనిపోయిందని ఒక పత్రిక అచ్చువేసేసింది కూడా. అమ్మలాగే ఆమెకూ కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఆ ఆగస్టులో మాత్రం పండంటి ఆడపిల్లను కన్నది.

ఆమె భర్త, పిల్లల కథల రచయిత రోల్డ్ డాల్, ఆమెను ఇంగ్లాండులోని గ్రేట్ మిసెండెన్ అనే ఊరికి తీసుకువెళ్ళి, ఇరుగుపొరుగును సాయం అడిగాడు. వాళ్ళు వంతులు వేసుకుని వచ్చి ఆమెతో మాట్లాడారు, చదివించారు, ఆటలు ఆడించారు. వాళ్ళలో వాలెరీ ఈటన్ గ్రిఫిత్ అనే ఆవిడ డాక్టరూ కాదు, థెరపిస్టూ కాదు. పొరుగావిడ, అంతే. పట్టు వదలకుండా వచ్చింది. 1968లో ప్యాట్రీషియా మళ్ళీ సినిమాలో నటించింది. డైలాగులు గుర్తుపెట్టుకోవడానికి ఎంతో అవస్థపడినా, ఆ పాత్రకు మళ్ళీ ఆస్కార్ నామినేషన్ వచ్చింది. వాలెరీ చేసిన పద్ధతే తర్వాత బ్రిటన్‌లో స్ట్రోక్ వచ్చినవాళ్ళ కోసం వలంటీర్ల పథకంగా మారింది. 1978లో నాక్స్‌విల్‌లో ప్యాట్రీషియా పేరు మీద పునరావాస కేంద్రం తెరిచారు. 1983లో ఆ దంపతులు విడిపోయారు. అది చదివి నాకు చాలా బాధేసింది. ఆ స్ట్రోక్ తర్వాత నలభై అయిదేళ్ళు బతికి, 2010లో ఎనభై నాలుగేళ్ళ వయసులో ఆమె కన్నుమూసింది.

ఒక్క విషయం చెప్పాలి. డాల్ చాలా కఠినంగా ఉండేవాడట, పేరు చెప్పి అడిగితేనే వస్తువు ఇచ్చేవాడట. ఒక సాయంత్రం నేనూ కాఫీ గ్లాసు పట్టుకుని "ఇదేంటో చెప్పు" అని నిలబడ్డాను. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. మళ్ళీ ఆ పని చేయలేదు. క్షమించమ్మా.

ఆ కథ చదివిన మర్నాడే మన వీధిలో ఇల్లిల్లూ తిరిగి ఒక్కో గంట అడిగాను. ఒక్కరూ కాదనలేదు. పోస్టాఫీసులో చేసి రిటైరైన బాబాయిగారూ, మీరు రోజూ పదింటికి వచ్చి పేపరు చదువుతూ, వాక్యంలో చివరి మాట దగ్గర ఆగి, అమ్మ చెప్పేదాకా ఓపిక పట్టేవారు. ఎంతసేపైనా తొందరపెట్టలేదు. టైలరక్కా, దారపు ఉండలు ఒళ్ళో పోసి రంగులు అడిగింది నువ్వు. మొదటిసారి సరిగ్గా వచ్చిన మాట "పసుపు", ఆ రోజు నువ్వే ముందు ఏడ్చావు. పదో తరగతి పరీక్షలు పెట్టుకుని కూడా వచ్చి ఎడమచేత్తో అష్టాచెమ్మా ఆడించిన బాబూ, గవ్వలు పడ్డప్పుడల్లా అమ్మ లెక్కపెట్టిందంటే అది నీ చలవే. ఎదురింటి మామ్మగారూ, వినాయక చవితినాడు అమ్మ పొద్దుటినుంచీ ఏడుస్తుంటే మీరు మాట్లాడించబోలేదు. చెయ్యి పట్టుకుని సాయంత్రం దాకా కూర్చున్నారు. ఆ రోజు నాకు చేతనవని పని అది. ఆకుకూరలక్కా, బేరం ఉన్నా లేకపోయినా ప్రతి కట్టా ఎత్తి చూపించి, తోటకూర, బచ్చలి, గోంగూర అని రోజూ చెప్పావు. ఎండలో నీకు పోయిన ఆ పది నిమిషాల ఖరీదు నాకు తెలుసు.

కుడి చెయ్యి ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. సాయంత్రం అలిసిపోతే "గొడుగు" మళ్ళీ వస్తుంది. ఫరవాలేదు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ మా ఇంటికి భోజనానికి రండి. గోంగూర పచ్చడి ఉంటుంది. ఎవరెవర్ని పిలవాలమ్మా అని రాత్రి అడిగాను. పేర్లు రాలేదు. కళ్ళు మూసుకుని కాసేపు వెతుక్కుని, వేళ్ళు మడుస్తూ, "పేపరు... దారం... గవ్వలు... మామ్మ... గోంగూర" అంది. అయిదుగురినీ చెప్పింది. తప్పకుండా రండి.