ఫోకస్ లైట్లు పీకించడం కాదు, మూత వేయించండి

సంపాదకులకు నమస్కారం.

పికప్ బండ్లకు బయటి షాపుల్లో వేయించే ఫోకస్ లైట్లు, ఎల్‌ఈడీ బార్ల గురించి మన జిల్లాలో రెండు రకాల మాటలే వినిపిస్తాయి. కార్లలో తిరిగేవాళ్లు కళ్లు చెదురుతున్నాయని అన్నీ పీకి పారేయమంటారు. బండి మీద బతికేవాళ్లు మా తిప్పలు మీకేం తెలుసంటారు. మామిడి, టమోటా లోడ్లు తోలే పికప్ యజమానిగా నేను రెండో గుంపు మనిషినే. కానీ మొదటివాళ్ల కోపంలో న్యాయం ఉంది.

ముందు అవసరం సంగతి. పలమనేరు, బైరెడ్డిపల్లె, రామకుప్పం వైపు కౌండిన్య అభయారణ్యాన్ని ఆనుకుని ఉన్న ఊళ్లకు రాత్రిపూట బండి తోలినవాళ్లు ఎవరూ ఈ లైట్లు దండగ అనరు. తోటలో లోడు ఎత్తుకుని తారురోడ్డు ఎక్కేదాకా మట్టిబాటే. రెండు పక్కలా కంప. మలుపు తిరిగితే ఏనుగు ఉందో లేదో చెప్పలేం. కంపెనీ ఇచ్చిన హాలోజన్ బల్బు వెలుగు ఆ బాటలో చాలదు. ఏనుగును వంద అడుగుల ముందే చూడడానికి, ఎదురుగా వచ్చి పడ్డాక చూడడానికి చాలా తేడా ఉంది. కనబడ్డాక మాత్రం దాని మొహాన లైటు కొట్టకూడదు, హారన్ మోగించకూడదు. అందుకే ఈ లైట్లకు విడిగా స్విచ్ ఉండాలి. చాలా బండ్లలో హెడ్‌లైటు వైరుకే కలిపేసి ఉంటుంది, అది వేస్తే ఇవీ వెలుగుతాయి.

అదే బండి అదే వెలుగుతో పూతలపట్టు దాటి తిరుపతి హైవే ఎక్కినప్పుడే అసలు గొడవ. పెరటాసి నెలలో (సెప్టెంబరు-అక్టోబరు) తమిళనాడు నుంచి కొండకు నడిచివచ్చే భక్తులు ఎండ తప్పించుకోవడానికి రాత్రిళ్లు, తెల్లవారుజామున రోడ్డు పక్కన గుంపులుగా నడుస్తారు. ఎదురొచ్చే బండి లైటు కళ్లలో పడిన డ్రైవరుకు చూపు మళ్లీ కుదురుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. వయసు మీదపడిన వారికి ఇంకా ఎక్కువ. 80 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఆ కాసేపూ అతను గుడ్డిగా తోలుతున్నట్టే లెక్క. ఆ చీకట్లో రోడ్డు అంచున ఎవరున్నారో అతనికేం తెలుస్తుంది?

వాట్లు ఎక్కువ కాబట్టే కళ్లు చెదురుతున్నాయని అందరూ అనుకుంటారు. అదొక్కటే కాదు. రోడ్డు కోసం చేసిన హెడ్‌లైటును డిమ్ చేస్తే వెలుగు పైకి పోకుండా ఒక గీత దగ్గర తెగుతుంది. మేం వేయించే ఈ ఆఫ్‌రోడ్ (మట్టిబాట) లైటుకు ఆ తెగడం ఉండదు, చెట్టు కొమ్మల దాకా చిమ్ముతుంది. పైగా షాపులో ఖాళీ బండి మీద సరిచూసి బిగిస్తారు. వెనక టన్నున్నర టమోటా ఎక్కగానే ముక్కు పైకి లేస్తుంది, దాంతోపాటు వెలుగూ లేస్తుంది. ఇక క్యాబిన్ నెత్తిన బిగించిన బారు అయితే మంచులో తోలేవాడికే పనికిరాదు. చలికాలం తెల్లవారుజామున పలమనేరు పక్క దాన్ని వేసి చూడండి, ముందు తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు.

వైరింగ్ సంగతి కూడా చెప్పాలి. 120 వాట్ల బారు 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు లాగుతుంది. రిలే (ఎక్కువ కరెంటును స్విచ్చు మీద పడకుండా వేరే దారిన పంపే పరికరం) లేకుండా, ఫ్యూజు లేకుండా పాత స్విచ్చుకే తగిలిస్తే ఆ సన్న వైరు వేడెక్కి కరుగుతుంది. రిలేకీ ఫ్యూజుకీ అయ్యేది కొన్ని వందలే. బారుకు వేలు పోసినవాళ్లు అక్కడ పిసినారితనం చేస్తారు!

చట్టం ఏమీ మెత్తగా లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 106వ నియమం ప్రకారం, 8 మీటర్ల దూరంలో 1.5 మీటర్ల ఎత్తున ఉన్న మనిషి కంటికి ముందు లైటు మిరుమిట్లు గొలపకూడదు. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని 2019 సవరణ చెబుతోంది. దీన్ని పట్టుకుని అప్పుడప్పుడు రోడ్డు మీద ఆపి లైట్లు ఊడదీయిస్తారు. వారం తిరక్కుండా మళ్లీ బిగుస్తాయి. రవాణా ఆఫీసులో ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లే ముందు రోజు విప్పి, వచ్చాక పెట్టుకోవడం అందరికీ తెలిసిన తంతే. అవసరం నిజమైనది కనుక భయం నిలవదు.

అదే నియమావళిలో 111వ నియమం ఒక దారి వదిలింది. బండి ముందు స్పాట్ లైటు, సెర్చ్ లైటు పెట్టకూడదంటూనే, ప్రత్యేక పరిస్థితుల్లో రిజిస్ట్రేషన్ అధికారి ముందస్తు అనుమతితో పెట్టుకోవచ్చు అంది. ఏనుగులు తిరిగే మండలంలో రాత్రిపూట పంట తోలడం ప్రత్యేక పరిస్థితి కాకపోతే ఇంకేది అవుతుంది? మా డ్రైవర్లలో ఈ దారి ఉందని తెలిసినవాళ్లే అరుదు.

చిత్తూరు, తిరుపతి రవాణా అధికారులు ఈ అనుమతికి ఒక పద్ధతి పెట్టాలని నా విన్నపం. రెండు లైట్లకు మించకూడదు, బంపరు ఎత్తు దాటకూడదు, స్విచ్ విడిగా ఉండాలి, రిలే, ఫ్యూజు తప్పనిసరి. అన్నిటికన్నా ముఖ్యం, తారురోడ్డు ఎక్కగానే వెలుగు బయటికి రాని మూత తొడగాలి. ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. పికప్‌లు విపరీతంగా ఉన్న కాలిఫోర్నియాలో చట్టమే అలా ఉంది: ఆఫ్‌రోడ్ లైట్ల వైరింగ్ వేరుగా ఉండాలి, హైవే మీద అవి ఆరిపోయి, మూత కప్పుకుని ఉండాలి.

మూతలు ఎవరు వేస్తారండీ అని నవ్వేవాళ్లుంటారు. రాత్రి ఎవడు లైటు వేశాడో చూడాలంటే పోలీసులు రాత్రంతా రోడ్డు మీద నిలబడాలి. మూత ఉందో లేదో పట్టపగలు గాదంకి టోల్‌గేటు దగ్గర బండి ఆగినప్పుడు ఒక్క చూపుతో తెలుస్తుంది. మూత లేనివాడికి అప్పుడు 5,000 రాయండి, మేమెవరమూ అడ్డు రాము. రెక్సిన్‌తో కుట్టిస్తే మూత ఖర్చు ఒక పూట టిఫిన్ డబ్బులే.

మన శ్రీసిటీ పారిశ్రామికవాడలో 2016 నుంచి పికప్‌లు తయారవుతున్నాయి. మూతతో, విడి స్విచ్చుతో పరీక్షలు చేసిన లైట్లు ఫ్యాక్టరీ నుంచే ఇవ్వగలరా అని ప్రభుత్వం కంపెనీలను అడిగితే సగం షాపు పనులు ఆగిపోతాయి. అది తీరిగ్గా జరిగే పని. అనుమతి పత్రం మాత్రం తోతాపురి మామిడి కోతలు మొదలయ్యేలోపే ఇవ్వొచ్చు. ఆ తర్వాత గుజ్జు ఫ్యాక్టరీల ముందు బండ్ల వరసలు రాత్రీ పగలూ ఉంటాయి, అప్పుడు ఏ అధికారి చెప్పినా వినే ఓపిక ఎవరికీ ఉండదు.

ఇట్లు,
ఒక పికప్ యజమాని,
పాకాల మండలం