చిన్నికి నాన్న రాసేది

చిన్నీ,

ఎట్లున్నవ్ బిడ్డా, టైముకు తింటున్నవా? ఇక్కడ తార్నాకల ఎండలు మొదలైనయ్, అమ్మ మోకాలు జర నయం, బాబాయ్ వాళ్లు కొత్త ఫ్లాట్‌కి మారిన్రు. షికాగోల చలి తగ్గిందని ఆ లావు జాకెట్ అప్పుడే లోపల పెట్టకు.

'నాన్నా, ఐ యామ్ ఫిగరింగ్ ఇట్ ఔట్' అని మెసేజ్ పెట్టినవ్, మళ్ల సప్పుడు లేదు. ఏండ్లకేండ్లు పిల్లలకు ఇంగ్లీష్ గ్రామర్ చెప్పినోణ్ణి, నాకు ఒక్కొక్క ముక్క పట్టిచూసుడే అలవాటు. ఫిగర్ అంటే అంకె. ఫిగర్ ఔట్ అంటే కూసోని లెక్క తేల్చినట్టు, చిక్కు ఎక్కడుందో ఆలోచించి పట్టుకునుడు. అమెరికావాళ్లే ఎక్కువ అంటరు, మా క్లాసుల వర్క్ ఔట్ అనేటోళ్లం. ఫిగర్డ్ ఔట్ అంటే తేలిపోయింది, ఫిగరింగ్ ఔట్ అంటే ఇంక తేలలే. ఇట్ మాత్రం మధ్యలనే రావాలె, ఔట్ తర్వాత పెడితే తప్పు, నువ్ కరెక్టుగనే రాసినవ్. కానీ ఇట్ అనాలంటే ముందు సంగతేందో చెప్పి ఉండాలె కదా. ఆ ఇట్ ఏంది బిడ్డా?

సుజాతత్త ఫోన్ చేసి మీ కంపెనీల మనుషుల్ని తీసేస్తున్నరట అన్నది. నేను పట్టించుకోలే. కాకపోతే హెచ్-1బీ వీసా మీద జాబ్ పోతే అక్కడ ఉండనీకి 60 రోజుల దాకనే టైమ్, ఆ లోపల ఇంకో కంపెనీ నీ కోసం పిటిషన్ వెయ్యాలె, అందుకని అడుగుతున్న అంతే.

మన బోరు మోటర్ సంగతి చెప్పలే కదా. స్విచ్ వేస్తే గుంయ్‌మని ఆగిపోతుండె. ఒకాయనొచ్చి కాలిపోయింది, పైకి గుంజి వైండింగ్ చెయ్యాలె అన్నడు. పైపులు గుంజుడుకే వేలు. యాదగిరిని పిలిస్తే ముందు దేన్నీ ముట్టలే, వాచ్‌మన్‌ని అడిగిండు ఎప్పట్నుంచి అని, అమ్మను అడిగిండు సౌండ్ వస్తదా, అస్సలే రాదా అని. గుంయ్‌మంటది అన్నది అమ్మ. అయితే మోటర్‌కి కరెంట్ అందుతుందమ్మా, తిరగనీకి బలం చాలుతలేదు అని స్టార్టర్ బాక్స్ మూత తీస్తే, ఆ బలమిచ్చే కెపాసిటర్ బూరెలెక్క ఉబ్బింది. అదొక్కటి మార్చిండు, ట్యాంక్ నిండింది. అమ్మ ఆ సౌండ్ సంగతి చెప్పింది కాబట్టి తొందరగ దొరికింది. నువ్వు కూడ ఉన్నదున్నట్టు చెప్పు, లోపల పెట్టుకోకు, రాత్రంత ల్యాప్‌టాప్ ముంగట కూసోకు, క్రెడిట్ కార్డు మీద నడపకు, పైసలు కావాలంటే ఎఫ్‌డీ తీస్త.

రాత్రి తొమ్మిదిన్నరకు మేం తినేసి ఖాళీగనే ఉంటం, నీకు పొద్దున అయితది, వీడియో వద్దనుకుంటే మామూలు ఫోనే చెయ్యి. అమ్మ సకినాలు చేసింది, రవి వాళ్లతోని పంపుతం. అడ్రస్ పాతదేనా, ఏమన్న మారినవా?

నాన్న