కుక్కతో కొండెక్కే దారి ఏదో రాసి పెట్టించండి: ఒడిశా అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. బరంపురంలో కుక్కను పెంచుకుంటున్న తెలుగు కుటుంబం మాది. సెలవు రోజున దాన్ని వెంటబెట్టుకుని కొండలకు వెళ్లడం మాకు అలవాటు. ఇలాంటి లేఖలు రాసేవాళ్లు సాధారణంగా అనుమతులు అడుగుతారు. నేను ముందుగా నిషేధాలు అడుగుతున్నాను. మా కుక్కలను ఎక్కడికి రానివ్వకూడదో స్పష్టంగా రాయించండి. ఎక్కడికి రానిస్తారో దాని కిందే రాయించండి.

ఇప్పుడు ఈ రెండూ లేవు. మన గంజాం జిల్లాలో కొండ దారుల గేట్లు రకరకాల వాళ్లవి. ఒక గేటు దగ్గర "కుక్క వద్దు" అని మమ్మల్ని వెనక్కి పంపారు. మేము ఇంకా బండి తిప్పుకుంటూ ఉండగానే మా వెనక వచ్చిన పెద్ద కారు కుక్కతో సహా లోపలికి వెళ్లింది. ఏ నిబంధన అని అడిగితే "పై ఆర్డరు" అన్నారు. ఆ ఆర్డరు ఎక్కడుందో చూపించలేదు. నిబంధన కాగితం మీద లేనప్పుడు మంచిగా అడిగినవాడు వెనక్కి తిరుగుతాడు, దబాయించినవాడు లోపలికి పోతాడు. దానివల్ల అడవికి ఒరిగేదేమీ లేదు.

మొదటి నిషేధం రుషికుల్య నది సముద్రంలో కలిసే తీరానికి. అక్కడ ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్లు సామూహికంగా గుడ్లు పెడతాయన్న సంగతి 1994లో వెలుగులోకి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఆరున్నర లక్షలకు మించి వచ్చాయి. ఒక్కో తాబేలు గూటికి వందకు పైగా గుడ్లు పెడుతుంది. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర దాటుతుంది. అంతకాలమూ ఆ గుడ్లు ఇసుకలో కొద్ది లోతునే ఉంటాయి. కుక్క ముక్కుకు ఆ లోతు ఒక లెక్క కాదు. వీధికుక్కలు రాకుండా మీ సిబ్బంది వలకంచెలు కడతారు. పురుణబంధ, గోఖరకుడ వంటి పల్లెల జాలర్లు రాత్రుళ్లు కాపలా కాస్తారు. అంత శ్రమ జరుగుతున్న చోటికి షోకుగా బెల్టు కట్టిన కుక్కతో ఫోటోలకు వచ్చేవాళ్లను నేను చూశాను. మావాళ్లే, పొరుగు రాష్ట్రం వాళ్లు కాదు. "మా కుక్క చాలా మంచిది, తవ్వదు" అంటారు. తవ్వని కుక్క ఉంటే అది కుక్క కాదు. ఫిబ్రవరి నుంచి మే దాకా అక్కడ ఏ కుక్కా, గొలుసుతో ఉన్నా సరే, అడుగు పెట్టకూడదని బోర్డు పెట్టించండి. జరిమానా ఎంతో అంకెల్లో వేయించండి.

రెండోది భేట్నొయి, బలిపదర్ పల్లెల పరిసరాలు. అక్కడి రైతులు కృష్ణజింక తమ పొలంలో కనిపిస్తే శుభమని నమ్మి, పంట మేసినా తరమకుండా తరతరాలుగా కాపాడుకొస్తున్నారు. జింక పిల్లలకు పెద్ద గండం వీధికుక్కలే. మన పెంపుడు కుక్క కరవనక్కర్లేదు, వెంటపడి తరిమినా చాలు, భయంతో పరిగెత్తిన జింక కంచెలో పడి చావడానికి. ఇక గజపతి జిల్లాలోని లఖారి లోయ అభయారణ్యం సంగతి చట్టమే తేల్చింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి మనిషి వెళ్లడానికే అనుమతి కావాలి, కుక్క మాట తర్వాత. మహేంద్రగిరి కూడా వద్దు. 1,501 మీటర్ల ఎత్తున్న ఆ కొండ 2022లో జీవవైవిధ్య వారసత్వ స్థలం అయింది. పైన కుంతి, యుధిష్ఠిర, భీమ ఆలయాలున్నాయి. శివరాత్రికి వచ్చే జనమే ఆ కొండకు ఎక్కువ భారం.

ఇన్ని వద్దన్నాక ఇంకేం మిగులుతుందని మీరు అడగవచ్చు. చాలానే మిగులుతుంది. బరంపురానికి దగ్గరలోని కేరండిమాల్ కొండల అంచున పశువుల కాపరులు రోజూ నడిచే బాటలున్నాయి. మేకలు తిరిగే బాటలో గొలుసు కట్టిన కుక్క నడిస్తే కొత్తగా వచ్చే నష్టం పెద్దగా ఉండదు. సుమారు 50 కిలోమీటర్ల దూరంలో తప్తపాణి ఉంది. అక్కడి వేడినీటి బుగ్గ దగ్గరికి, కంధుణీ దేవి సన్నిధికి కుక్కను తీసుకెళ్లడం మర్యాద కాదు. కానీ చుట్టూ అడవి అంచున, బుగ్గకు దూరంగా, ఒక్క బాటను గుర్తించి సున్నం పూసిన రాళ్లు పాతిస్తే చాలు. గోపాల్‌పూర్ ఇసుకలో నవంబరు నుంచి జనవరి మధ్య దాకా ఉదయం వేళ కొంత మేర వదలండి. ఈ మూడు చోట్లా మీ రేంజి అధికారులు ముందు తిరిగి చూసి సరే అంటేనే వదలండి. వాళ్లకు తెలిసినంత మాకు తెలియదు.

ఎలుగుబంటి విషయం ఇక్కడే చెప్పాలి. గంజాం కొండల్లో ఎలుగులు కొత్త కాదు. గొలుసు లేని కుక్క పొదలోకి దూరి ఎలుగును లేపుతుంది, మొరుగుతుంది, భయం వేయగానే తిరిగి యజమాని కాళ్ల దగ్గరికే పరిగెత్తుకొస్తుంది. ఎలుగు దాని వెనకే వస్తుంది. కుక్క తప్పుకుంటుంది, మనిషి దొరుకుతాడు. అందుకే గొలుసు రెండు మీటర్లకు మించకూడదు, బొత్తం నొక్కితే సాగే రకం అసలు వద్దు. ఏనుగులు తిరుగుతున్నాయని తెలిసిన రోజున బాట మూసేయండి. బాటకు కట్టిన ప్రవేశ రుసుము మేం వెనక్కి అడగం.

రేబిస్ టీకా ఒక్కటే చాలదు. 2018లో గిర్ అడవిలో 20కి పైగా సింహాలు చనిపోయాయి. వాటిలో కొన్నింటిలో కనైన్ డిస్టెంపర్ వైరస్ బయటపడింది. అది ప్రధానంగా కుక్కలకు వచ్చే జబ్బు. కాబట్టి గేటు దగ్గర టీకా పుస్తకంలో రేబిస్, డిస్టెంపర్ రెండు టీకాల తేదీలూ చూడమనండి. పుస్తకం మరిచిపోయానన్నవాళ్లను ఇంటికి పంపండి. మేమైనా సరే.

పల్లె దాటేటప్పుడు ఇంకో చిక్కు ఉంది. కోళ్లను చూస్తే పట్నం కుక్కకు పూనకం వస్తుంది. కోడి పోతే ఆ ఇంటివాళ్లకు అక్కడికక్కడే డబ్బు ఇవ్వాలని షరతు పెట్టండి. బాట దగ్గర కాపలా ఉద్యోగం ఆ ఊరివాళ్లకే ఇవ్వండి, రుసుము ఆ ఊరి వన సంరక్షణ సమితికి పోనివ్వండి. అప్పుడు గేటు దగ్గర దబాయింపులు సాగవు, ఎందుకంటే డబ్బు లెక్క ఊరంతా చూస్తుంది.

పురుషోత్తంపూర్ దగ్గర జౌగడలో ఉన్న అశోకుడి శాసనాల బండ మీకు తెలిసే ఉంటుంది. అశోకుడు సమాపా నగరపు మహామాత్రులకు, అంటే పెద్ద అధికారులకు, ఇచ్చిన ఆదేశాలు ఆ బండ మీదే ఉన్నాయి. అధికారులు ఏం చేయాలో చెప్పి, దాన్ని తిష్య (పుష్యమి) నక్షత్రం రోజున చదివి వినిపించాలని కూడా చెక్కించాడు. మనుషులకూ పశువులకూ వైద్యం, దారి పక్కన చెట్లు, బావులు అన్నది కూడా అక్కడి మాటే. మీరు బండ చెక్కించనక్కర్లేదు, రేకు మీద రాయిస్తే చాలు. అది ఒడియాలో ఉండాలి, కింద తెలుగులో కూడా ఉండాలి. ఆదివారాల్లో ఇచ్ఛాపురం, సోంపేట, పలాస నుంచి వచ్చే కార్లను లెక్కపెడితే ఎందుకో మీకే తెలుస్తుంది. బరంపురంలో పుట్టి ఒడియా చదవగలిగిన నాకు ఆ బోర్డు అవసరం లేదు, వాళ్లకు అవసరం.

మార్చి వచ్చిందంటే మన కొండ రాళ్లు పగలు కుక్క పాదాలను కాల్చేస్తాయి. ఒంటి వేడిని కుక్క ప్రధానంగా నాలుక చాపి రొప్పుతూనే తగ్గించుకోగలదు, మనలా చెమట పట్టి కాదు. కాబట్టి మేము నడిచే కాలం చలికాలం ఒక్కటే. నవంబరు లోపు బాటలు గుర్తించగలిగితే సంతోషం. అన్నీ ఒకేసారి కుదరకపోతే రుషికుల్య నిషేధపు బోర్డుతో మొదలుపెట్టండి. తాబేళ్లు రావడానికి ముందే అది పాతాలి. కేరండిమాల్ బాట సంగతి వచ్చే ఏడాది చూసుకున్నా ఓపిక పడతాం.

ఇట్లు,
బరంపురం నుంచి ఒక కుక్క యజమాని