స్టాంపు కాగితం దగ్గర ఆగిపోకు

కొత్తవాడ, వరంగల్
ఆదివారం రాత్రి

అరేయ్ దోస్తు,

మొన్న నువ్వు భివండీ నుంచి ఫోన్ చేసినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. వెనుక సాంచాల చప్పుడు, మధ్యలో నీ గొంతు. సగం మాటలే వినబడ్డాయి. కానీ నీకూ నీ భార్యకూ, అదే మా వదినకూ, విడాకుల సంగతిలో అన్న ఒక్క మాట మాత్రం చెవిలో ఉండిపోయింది. "అయిపోయిందిరా, పెద్దమనుషుల ముందు వంద రూపాయల కాగితం మీద రాసుకున్నం, ఇద్దరం సంతకాలు పెట్టినం" అన్నావు. కోర్టుకు పోవాలంటే అరవై వేలు అడిగారని, అంత పెట్టే తాహతు లేదని కూడా అన్నావు. ఫోన్లో ఎంత చెప్పినా నీకు గుర్తుండదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఉత్తరం దాచుకో, వదినకు కూడా చూపించు.

ముందు అసలు సంగతి. ఆ కాగితంతో విడాకులు కాలేదురా. నోటరీ ముద్ర వేసినా, పదిమంది సాక్షి సంతకాలు చేసినా, చట్టం లెక్కలో మీరిద్దరూ ఇంకా భార్యాభర్తలే. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్లిని రద్దు చేసేది కోర్టు డిక్రీ, అంటే కోర్టు ఇచ్చే తీర్పు కాగితం. కులాచారం ప్రకారం తెగదెంపులు చేసుకునే పద్ధతిని అదే చట్టంలోని 29వ సెక్షన్ గుర్తిస్తుంది, నిజమే. కానీ అలాంటి ఆచారం మన దగ్గర తరతరాలుగా ఉందని రుజువు చేసుకోవలసింది మనమే. పంచాయితీలో కూర్చున్న పెద్దమనుషులు రేపు కోర్టు బోను ఎక్కి ఆ మాట చెబుతారా? లంబాడాలు, కోయల వంటి షెడ్యూల్డ్ తెగల వాళ్ల సంగతి వేరు, వాళ్లకు మామూలుగా ఈ చట్టమే వర్తించదు, వాళ్ల ఆచారాలు వాళ్లకున్నాయి. మన సంగతి అట్ల కాదు.

ఇదంతా నాకెట్ల తెలుసు అంటావేమో. మా చెల్లె విషయంలో పడ్డ బాధ నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. 2018లో అది కూడా ఇట్లాంటి కాగితమే రాసుకుంది. సామాన్లు తిరిగి తెచ్చుకున్నాం, బంగారం లెక్క చూసుకున్నాం, ఇక తెగిపోయిందనుకున్నాం. అవ్వ ఆ కాగితాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి బీరువాలో చీరల కింద పెట్టింది. మూడేళ్ల తర్వాత మంచి సంబంధం ఒకటి వచ్చింది. అబ్బాయి మేనమామ మాటల మధ్యలో "కోర్టు కాపీ ఉంది కదా?" అని అడిగాడు. బాపు ఆ కవరు తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన కాగితం విప్పి చదివాడు, తిప్పి వెనుక వైపు చూశాడు, మళ్లీ అదే మడతల మీద మడిచి బాపుకు ఇచ్చేశాడు. ఏమీ అనలేదు. చాయ్ కూడా సగమే తాగి లేచాడు. ఆ రోజు మా చెల్లె వంటింటి గడపలో నిలబడి ఉంది. దాని ముఖం నేను మరిచిపోలేను.

ఆయన తప్పేమీ లేదు. మొదటి పెళ్లి చట్టప్రకారం రద్దు కాకుండా రెండో పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు, పైగా నేరం. కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో అది 82వ సెక్షన్, ఏడేళ్ల దాకా జైలు శిక్ష. నువ్వు మళ్లీ పెళ్లి చేసుకోనంటావు, సరే. వదిన వయసెంతరా? ఆమె జీవితం కూడా ఆ కాగితానికి కట్టి పడేయడం న్యాయమా?

ఇక ఖర్చు సంగతి. అరవై వేలు అనగానే నువ్వు బెదిరిపోయావు. కానీ మీ ఇద్దరికీ కొట్లాట లేదు, ఇద్దరూ ఒప్పుకున్నారు. అది పెద్ద అదృష్టం. ఇలాంటి వాళ్ల కోసమే హిందూ వివాహ చట్టంలో 13-బి అని సెక్షన్ ఉంది, పరస్పర అంగీకారంతో విడాకులు. ఇద్దరూ కలిసి ఒకటే పిటిషన్ వేస్తారు. ఏడాదికి పైగా విడిగా ఉంటున్నామని, కలిసి బతకలేకపోయామని, ఇద్దరి ఇష్టంతోనే విడిపోతున్నామని అందులో రాస్తారు. ఒకరి మీద ఒకరు నిందలు మోపనక్కర లేదు. సాక్షుల గొడవ లేదు. కోర్టు ఫీజు స్టాంపు కూడా మన జేబుకు భారమయ్యేంత ఉండదు. పైసలు పోయేది వకీలు ఫీజుకు, మధ్యవర్తులకు.

మధ్యవర్తుల మాట ఎందుకు ఎత్తానంటే, మేం అక్కడే మోసపోయాం. కోర్టు గేటు బయట ఒకాయన, వకీలు కాదు, గుమాస్తా కూడా కాదు, "అంతా నేను చూసుకుంటా, మీరు రావాల్సిన పని కూడా లేదు" అని బాపు దగ్గర ఎనిమిది వేలు తీసుకున్నాడు. రశీదు లేదు. రెండు నెలలు తిప్పించుకున్నాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. జంపఖానాలు నేసి కూడబెట్టిన పైసలురా అవి. నువ్వు మాత్రం వకీలు కాని మనిషి చేతిలో ఒక్క రూపాయి పెట్టకు.

ఆ తర్వాత తెలిసినామె ఒకరు చెబితే హన్మకొండ అదాలత్ దగ్గర కోర్టు ఆవరణలో ఉన్న జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పోయాం. ఇది చాలామందికి తెలియదు, అందుకే గట్టిగా చెబుతున్నాను. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకూ అంతే. మగవాళ్లకైతే ఆదాయ పరిమితి ఉంటుంది, దాని లోపల ఉంటే నువ్వూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. కోర్టు ఫీజు, టైపింగు లాంటి ఖర్చులు కూడా ఆ సాయంలోకే వస్తాయి. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చూపిస్తారు. కాబట్టి నా మాట విని దరఖాస్తు వదిన వైపు నుంచి పెట్టించు. తెల్లకాగితం మీద తన బాధ నాలుగు ముక్కల్లో రాసి, ఆధార్ జిరాక్స్ జతచేస్తే చాలు. తమ జాబితాలో ఉన్న వకీలును, ప్యానెల్ వకీలు అంటారు, వాళ్లే కేటాయిస్తారు. ఒకవేళ బయటి వకీలునే పెట్టుకుంటే, వాయిదాకు ఇంత అని కాకుండా మొత్తం కేసుకు ఎంతో ముందే మాట్లాడుకో. టైపింగు, రెండోసారి కోర్టుకు వచ్చేది, అన్నీ అందులోనే అని కాగితం మీద రాయించుకో.

ఎక్కడ వేయాలి అన్నావు కదా, భివండీలో అవసరం లేదు. పెళ్లి జరిగిన చోట వేయవచ్చు, చివరిసారి కలిసి ఉన్న చోట వేయవచ్చు. మీ పెళ్లి ఇక్కడే జరిగింది, అది చాలు.

కాగితాల దగ్గర మాత్రం జాగ్రత్త. మా పిటిషన్ మొదటిసారి ఫైలింగ్ సెక్షన్ నుంచి ఆబ్జెక్షన్‌తో వెనక్కి వచ్చింది. కారణం ఏమిటో తెలుసా? శుభలేఖలో చెల్లె ముద్దుపేరు అచ్చు వేయించాం, ఆధార్‌లో బడి పేరు ఉంది. రెండూ ఒకరివే అని అఫిడవిట్, అంటే ప్రమాణ పత్రం, వేసి మళ్లీ దాఖలు చేయాల్సి వచ్చింది. ఇంటి నంబరు కూడా ఆధార్‌లో ఒకటి, పిటిషన్‌లో ఇంకొకటి. వకీలమ్మ వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం సరిచూసింది, మేం పక్కన కూర్చుని చూశాం. మీ మ్యారేజ్ సర్టిఫికెట్ తీసుకోలేదని నాకు తెలుసు. దానికి టెన్షన్ పడకు, శుభలేఖ, పెళ్లి ఫోటోలతో మా పని నడిచింది. ఇద్దరి ఆధార్‌లు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు సిద్ధం చేసుకో. ఆ స్టాంపు కాగితం కూడా పారేయకు. విడాకులకు పనికిరాకపోయినా ఎప్పటి నుంచి విడిగా ఉంటున్నారో అందులో తేదీ ఉంది.

పిటిషన్ వేశాక మామూలుగా ఆరు నెలలు ఆగమంటారు, ఆ తర్వాత రెండోసారి ఇద్దరూ వచ్చి ఇదే మాట మీద ఉన్నామని చెప్పాలి. పద్దెనిమిది నెలలు దాటనివ్వకూడదు. అయితే 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక మంచి మాట చెప్పింది. పిటిషన్ వేయకముందే ఏడాదిన్నర విడిగా ఉండి, కలిపే ప్రయత్నాలు విఫలమై, డబ్బు విషయం, పిల్లల విషయం తేలిపోయి ఉంటే ఆ ఆరు నెలల గడువును కోర్టు మాఫీ చేయవచ్చు. దానికి వేరే ఒక చిన్న అర్జీ వేయాలి. మా చెల్లె అట్లాగే వేసింది, జడ్జి ఒప్పుకున్నారు. మీరు విడిపోయి రెండేళ్లు దాటింది కాబట్టి నువ్వూ అడుగు. అదే తీర్పులో వీడియో కాన్ఫరెన్స్ వాడుకోవచ్చనీ, న్యాయమైన కారణం ఉండి రాలేకపోతే అమ్మానాన్నలో, తోబుట్టువులో తరఫున హాజరవడానికి కోర్టు అనుమతించవచ్చనీ కూడా ఉంది. అయినా ఒక్కసారైనా నువ్వు స్వయంగా రావడమే మంచిదని నా అభిప్రాయం.

వాయిదా రోజు గురించి కూడా చెబుతా, నీకు కోర్టంటే భయం కాబట్టి. నలుగురి ముందు నిలబెట్టి అడగలేదు. లోపల కూర్చోబెట్టి జడ్జిగారు చెల్లెను మెల్లగా అడిగారట, "ఎవరైనా బలవంతం చేశారా అమ్మా?" అని. చెల్లె లేదని తల ఊపిందట. "నోటితో చెప్పు" అన్నారట. అప్పుడు "లేదు సార్, నా ఇష్టమే" అంది. బయటికి వచ్చి నాతో అంది, అన్నా, ఇన్నేళ్లలో నా ఇష్టం ఏమిటని అడిగింది ఆయనొక్కరే అని. ఆ పంచాయితీలో నేనూ కూర్చున్నానురా. నేనూ అడగలేదు. వదినను ఎవరైనా అడిగారో లేదో కనుక్కో.

బిడ్డ విషయం మాత్రం తొందరపడి రాయొద్దు. మీ కాగితంలో "ఇకపై ఎవరికీ ఎవరూ ఏమీ ఇయ్యనవసరం లేదు" అని రాశారన్నావు. ఆ మాట మీ ఇద్దరి మధ్య నడుస్తుందేమో కానీ బిడ్డకు వర్తించదు. అయిదేళ్ల పిల్ల, తండ్రి పోషణ దాని హక్కు, మీరిద్దరూ సంతకం పెట్టి దాన్ని వదిలేయలేరు. పిల్ల ఎవరి దగ్గర ఉంటుంది, నెలకు ఎంత పంపుతావు, దసరాకు, ఎండాకాలం సెలవులకు నీ దగ్గరికి ఎన్ని రోజులు వస్తుంది, ఇవన్నీ పిటిషన్‌లోనే వివరంగా రాయించు. వదినకు ఇస్తానన్న పైసలు కూడా చేతికి ఇవ్వకు, డీడీ తీసి కోర్టులోనే ఇవ్వు. రేపు ఇచ్చాడు, ఇవ్వలేదు అనే మాట రాదు.

కేసు నంబరు పడ్డాక కోర్టుల వాళ్ల ఈకోర్ట్స్ యాప్‌లో ఆ కేసుకు ఇచ్చే పదహారు అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు కొడితే వాయిదా ఎప్పుడో నీ ఫోన్‌లోనే కనిపిస్తుంది, ఎవరినీ బతిమాలక్కర లేదు. చివరికి డిక్రీ కాపీ ఇద్దరికీ చెరొకటి ఉచితంగా ఇవ్వాలని హిందూ వివాహ చట్టంలోనే ఉంది, 23వ సెక్షన్‌లో. ఎవరైనా పైసలు అడిగితే ఆ మాట చెప్పు. మాకు ఆ ఎనిమిది వేలు పోగా, జిరాక్సులకు, ఆటోలకు అయింది రెండు వేలు కూడా దాటలేదు.

నీకు సెలవు ఎప్పుడు దొరుకుతుందో రాయి. ఆ రోజు దుకాణం మూసి నీతో వస్తాను. వదినతో మాట్లాడటానికి మా చెల్లె వస్తానంది, ఆడవాళ్లకు ఆడవాళ్లు చెబితే ధైర్యంగా ఉంటుంది. ఇంకో సంగతి, మీ శుభలేఖ ఎక్కడా దొరకడం లేదన్నావు కదా. నిన్న అవ్వ ట్రంకు పెట్టె అడుగు దాకా వెతికింది. ఒకటి మా దగ్గరే ఉంది. నాలుగు మూలలా పసుపు ఇంకా పోలేదు, పేర్లు రెండూ స్పష్టంగా చదవడానికి వస్తున్నాయి. వదిన పేరు ఆధార్‌లో ఎట్లా ఉందో ఒకసారి ఫోటో తీసి పంపు, సరిచూసి పెడతాను.

నీ దోస్తు