ఫ్రెంచ్ పాలిష్‌కి సామాన్లు ఇచ్చినవారికి

ఫ్రెంచ్ పాలిష్ పని మొదలుపెట్టామని తెలిసి విజయనగరం చుట్టుపక్కల నుంచి చాలామంది పాత టేకు సామాన్లు తెచ్చిచ్చారు. ఇప్పుడు ‘ఇంకా ఎన్నాళ్లండీ?’ అని ఫోన్లు. విడివిడిగా చెప్పేకంటే అందరికీ ఒకేసారి చెప్పేస్తే నయం.

ఇది నేను ఇంకా నేర్చుకుంటున్న పని. ఇన్నాళ్లూ మేం కొట్టింది మెలమిన్, పీయూ (పాలీయురేథేన్) పాలిష్‌లు. స్ప్రే గన్ పడితే పని చకచకా అయిపోయేది. ఇక్కడ గన్ లేదు. లక్క రేకులు స్పిరిట్‌లో కరగబెట్టి, వడగట్టి, పాత నూలు గుడ్డలో దూది చుట్టిన ముద్దతో పూత మీద పూత రుద్దాలి. నేర్పుతున్న పెద్దాయన ముద్దను ముందు కాగితం మీద ఒత్తి చూడమంటారు. తడి మరక పడితే లక్క ఎక్కువైనట్టే. చెక్క మీద చెయ్యి ఆగిందా, కింది పూత స్పిరిట్‌కి మెత్తబడి గుడ్డతోపాటు లేచి వచ్చేస్తుంది. అలా పట్టెయ్యకుండా అవిసె నూనె ఒక చుక్క అద్దుతాం. ఆ నూనెను చివర్లో మళ్లీ స్పిరిట్‌తోనే లాగెయ్యాలి, లేకపోతే మెరుపు మసకబారుతుంది.

ఏటికొప్పాక బొమ్మల మెరుపూ లక్కదే. కాకపోతే అక్కడ తిరిగే బొమ్మకు లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది.

ఆలస్యానికి అసలు కారణం ముసురు. స్పిరిట్ ఆవిరవుతూ పూతను చల్లబరుస్తుంది, గాలిలో తేమ వచ్చి దాని మీద చేరుతుంది, పాలిష్ తెల్లగా పాలిపోతుంది. అందుకే వాన రోజున ముద్ద ముట్టుకోం. సిరిమానోత్సవం నాటికి కావాలన్నవాళ్లకు నేను మాట ఇవ్వనిది కూడా అందుకే. ఆ రోజుల్లో మనకు అల్పపీడనాలు మామూలేగా!

‘మొత్తం గీకేసి కొత్తదానిలా చెయ్యండి’ అంటున్నారు కొందరు. కనపడని మూల స్పిరిట్ అద్ది చూస్తాను. జిగురుగా మెత్తబడితే అది పాత లక్క పాలిషే. అలాంటప్పుడు గీకను. కొత్త పూత పాతదాన్ని కాస్త కరిగించి దానిలో కలిసిపోతుంది, పైగా తాతల నాటి ఆ రంగు ఒకసారి గీకేస్తే మళ్లీ రాదు.

డైనింగ్ టేబుళ్లు మాత్రం తీసుకోను. వేడి గిన్నె పెడితే తెల్ల మచ్చ పడుతుంది, శానిటైజర్ ఒలికితే పూతే పోతుంది. వీధి తలుపులూ అంతే, ఎండావానలకు ఇది ఆగదు. వాటికి పీయూనే మేలు, ఖర్చూ తక్కువ. ఫ్రెంచ్ పాలిష్‌కి చదరపు అడుగుల లెక్క కుదరదు, కూలి రోజుల లెక్కే.

ఉన్నవి పూర్తయ్యేదాకా కొత్తవి తీసుకోవడం లేదు. ఆగలేమనుకున్నవాళ్లు మొహమాటపడకండి. ఇంకా మొదలుపెట్టని సామానైతే అడ్వాన్సు మొత్తం తిరిగి ఇచ్చేస్తాను.