శ్లోకం ఒక్కటే చాలదు, సందర్భం కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

పర్యావరణ దినోత్సవం నాటి నాయకుల ప్రసంగాలన్నీ కలిపి మీరు వేసిన పేజీ చదివి పది రోజులైంది. అప్పుడే రాద్దామనుకుని ఊరుకున్నాను. నిన్న మళ్లీ అలాంటిదే ఇంకో వార్త వచ్చింది. ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

ఆ పేజీ నిండా వేదవాక్యాలు, బైబిలు వచనాలు, ఖురాన్ ఆయతులు. ఏ నాయకుడు ఏ వాక్యం ఎక్కడి నుంచి తీశాడో, దాని ముందూ వెనకా ఏముందో ఒక్క ముక్క లేదు. నేను ముప్పై నాలుగేళ్లు తెలుగు, సంస్కృతం చెప్పి రిటైరయ్యాను. సందర్భ సహిత వ్యాఖ్యలో సందర్భం రాయని పిల్లవాడికి మార్కులు తగ్గించేవాళ్లం. ఆపాటి నియమం చట్టాలు చేసేవాళ్లకు ఎందుకు వర్తించదు?

'దశపుత్రసమో ద్రుమః' అన్నది మొక్కలు నాటే ప్రతి సభలోనూ వినపడుతుంది. ఒక చెట్టు పదిమంది కొడుకులతో సమానం అని అర్థం చెప్పి, ఫొటో దిగి వెళ్లిపోతారు. మత్స్యపురాణంలో ఈ మాట అన్నది పార్వతీదేవి. ఒక అశోక మొక్కను కొడుకుగా చేసుకుని పెంచుతుంటే, దీనివల్ల ఫలమేమిటని అడిగినవారికి ఆవిడ చెప్పిన జవాబు అది. అంటే ఆ శ్లోకం పెంచినవాళ్లది. గోతిలో మొక్క దించి, నీళ్లు పోసే దిక్కు లేకుండా వదిలేసినవాళ్లకు దాన్ని చదివే అర్హత లేదు.

అథర్వవేదంలోని భూమిసూక్తానిదీ అదే గతి. పన్నెండో కాండలో 63 మంత్రాల సూక్తం అది. 12వ మంత్రంలోని 'మాతా భూమిః పుత్రోఽహం పృథివ్యాః' (భూమి నా తల్లి, నేను ఆమె కొడుకును) ఒక్కటే అందరి నోళ్లలో నానుతోంది. 35వ మంత్రం ఎవరైనా చదివారా? 'యత్తే భూమే విఖనామి క్షిప్రం తదపి రోహతు' అంటాడు ఋషి. తల్లీ, నీలో నేను తవ్విన చోటు త్వరగా మళ్లీ మొలకెత్తాలి, నీ మర్మస్థానానికీ నీ గుండెకూ నా దెబ్బ తగలకూడదు అని వేడుకుంటాడు. తవ్వనని అనలేదు. తవ్వుకుంటూనే తనకు తాను హద్దు గీసుకున్నాడు. గనుల లీజుల మీద, గుట్టల్ని పిండి చేసే క్వారీల మీద చర్చ జరిగేటప్పుడు చదవాల్సిన మంత్రం ఇదే. అక్కడ మాత్రం ఎవరికీ గుర్తు రాదు.

ఈ జబ్బు ఒక్క మతానిదీ కాదు, ఒక్క దేశానిదీ కాదు. 2009 మార్చిలో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘంలో వాతావరణ మార్పు మీద విచారణ జరుగుతుంటే, జాన్ షింకస్ అనే సభ్యుడు బైబిలులోని ఆదికాండం 8వ అధ్యాయంలో జలప్రళయం తర్వాత దేవుడిచ్చిన మాట చదివి, మనిషి ఈ భూమిని నాశనం చేయలేడని, వరదతో అది అంతం కాదని వాదించాడు. అదే ఆదికాండం 1వ అధ్యాయంలోని 'భూమిని నిండించి దానిని లోపరచుకొనుడి' (లొంగదీసుకోండి) అన్న వాక్యాన్ని పట్టుకుని, ప్రకృతిని ఎంతైనా పిండుకోవచ్చు అన్నవాళ్లూ ఉన్నారు. ఒక్క అధ్యాయం ముందుకు తిప్పితే, ఏదెను తోటలో మనిషిని పెట్టింది 'సేద్యపరచుటకును దాని కాచుటకును' అని ఉంది. పోప్ ఫ్రాన్సిస్ 2015లో పర్యావరణం మీద రాసిన 'లౌదాతో సి' లేఖలో ఈ సంగతే గట్టిగా చెప్పారు. అదే ఏడాది ఇస్తాంబుల్‌లో ముస్లిం పండితులు వాతావరణంపై చేసిన ప్రకటన కూడా మనిషిని ఖలీఫా అని, అంటే ఈ భూమిని కనిపెట్టుకుని ఉండాల్సినవాడని గుర్తుచేసింది. కావాల్సిన ముక్క ఏరుకోవడం మొదలుపెడితే అడవి తగలబెట్టడానికీ ఆధారం దొరుకుతుంది. భారతంలో ఖాండవ దహనం ఉంది కదా!

ప్రసంగాలు రాసిపెట్టేవాళ్లు ఫోన్‌లో దొరికింది దొరికినట్టు అతికిస్తున్నారు. 'వృక్షో రక్షతి రక్షితః' (చెట్టును కాపాడితే అది మనల్ని కాపాడుతుంది) వేదవాక్యమట. అది మనుస్మృతిలోని 'ధర్మో రక్షతి రక్షితః'ను మార్చి చేసిన నినాదం. నినాదంగా మంచిదే, దాన్ని వేదం అని చెప్పడం దేనికి? శ్లోకాలకు మాత్రం అందరికీ అర్థమయ్యేలా తాత్పర్యం చెబుతారు. ఒక ప్రాజెక్టు వస్తే పర్యావరణ ప్రభావ నివేదిక మొత్తం ఇంగ్లిషులోనే ఉంటుంది. పర్యావరణ అనుమతుల మీద కేంద్రం 2006లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం స్థానిక భాషలో సారాంశం ఇస్తే చాలు. ఊళ్లు పోగొట్టుకునేవాళ్లకు ముందు తాత్పర్యం కావాల్సింది ఆ నివేదికకు.

మీరు చేయగలిగింది ఒకటుంది. ఎవరైనా గ్రంథవాక్యం చెబితే అది ఏ గ్రంథం, ఏ అధ్యాయం, ముందూ వెనకా ఏముంది అన్నది వార్తతో పాటే వేయండి. అదే నాయకుడు ఆ ఏడాది ఏ అడవికి, ఏ గనికి అనుమతి ఇచ్చాడో దాని పక్కనే వేయండి. వాక్యాలు సరిచూసే మనుషులు లేరంటే నాకు పంపండి, డబ్బులు అక్కర్లేదు. సంస్కృతం వరకు నేను చూస్తాను. మిగతా గ్రంథాలు తెలిసినవాళ్లు మీ పాఠకుల్లోనే ఉంటారు, అడిగి చూడండి.

ఇట్లు,
ఒక విశ్రాంత భాషా పండితుడు