ఎర్ర గొర్రెలన్నీ నెల్లూరు గొర్రెలు కావు

సంపాదకులు గారికి, నమస్కారం.

పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో గొర్రెల మంద ఫొటో వేశారు. చూడగానే ముచ్చటేసింది, కింద రాసింది చదివాక మాత్రం ఒళ్ళు మండింది. ‘నెల్లూరు దొర రకం గొర్రెలు’ అట. ఒళ్ళంతా ఎర్రగా ఉంటే చాలు, దొర అయిపోతుందా? నాకు తెలిసినంతలో అవి మా గంజాం గొర్రెలండీ. మాది చికిటి దగ్గర పల్లె, ఉండేది ఒడిశాలోనే గానీ ఇంట్లో మాట తెలుగే, చదివే పేపరూ ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే మీదే. మా మావయ్య వాళ్ళు తరాల నుంచి గొర్రెలు కాస్తున్నారు. నేను బరంపురంలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ సెలవు దొరికితే మంద వెనక తిరుగుతాను, అందుకని ఊరుకోలేక రాస్తున్నా.

తప్పు జరగడానికి కారణం ఉంది, కాదనను. నెల్లూరు గొర్రెల్లో మూడు రకాలు. దాదాపు తెల్లగా ఉండేది పల్ల, తెలుపు మీద మూతి దగ్గర, కళ్ళ చుట్టూ నల్ల మచ్చలుండేది జోడిపి, ఒళ్ళంతా ఎరుపుండేది దొర. మా గంజాం గొర్రె కూడా లేత ఎరుపు నుంచి ముదురు ఎరుపు దాకా ఉంటుంది, కొన్నింటికి మొహం మీదో ఒంటి మీదో తెల్ల మచ్చలు పడతాయి. రెంటిలోనూ పొట్టేలుకు కొమ్ములుంటాయి, ఆడదానికి ఉండవు. రెంటికీ ఒంటి మీద ఉన్ని కాదు, పొట్టి వెంట్రుకే, దక్కనీ గొర్రెలా కత్తిరించి గొంగడి నేయడానికి పనికొచ్చేది కాదు. ఇన్ని పోలికలున్నాక రంగు చూసి పేరు పెడితే ఏమవుతుంది, ఇలాగే అవుతుంది.

మరి నువ్వెలా చెప్పావు అంటారేమో. ఫొటో చూసి నేను కూడా ఒట్టేసి చెప్పలేను. అందులో కాపరి కర్ర ఆనించి నిలబడ్డాడు చూడండి, పక్కనున్న గొర్రె వీపు అతని తొడ సగానికి కూడా రాలేదు. మన దేశపు గొర్రెల్లో నెల్లూరుదే ఎక్కువ ఎత్తని అందరూ ఒప్పుకున్న మాట, కాళ్ళే సగం గొర్రె అన్నట్టుంటుంది. దాని మొహం పొడుగు, చెవులు బాగా పొడుగ్గా వేలాడతాయి, తోక పొట్టిగా సన్నగా ఉంటుంది. మాదానికి చెవి మధ్యరకం, ముక్కు దూలం కొంచెం ఉబ్బెత్తు, తోక దానికంటే పొడుగు. నెల్లూరు వాటిలో ఎక్కువ భాగానికి మెడ కింద చన్నులు వేలాడతాయి (మేక మెడ చన్నులంటామే, అవే), కానీ అన్నిటికీ ఉండవు కాబట్టి ఆ ఒక్క గుర్తూ పట్టుకుని తీర్పు చెప్పకూడదు.

కంటి లెక్క వద్దనుకుంటే కొలవాలి. ఆ పని మేం చేశాం, ఒక ఆదివారం పొద్దున మంద మేతకు కదలకముందే, మా అత్త కుట్టుమిషను మీది టేపు పట్టుకుని. మంద పక్కన చుట్ట కాలుస్తూ కూర్చున్న ముసలి కాపరి “ఏటి బావూ, గొర్రెకి జాకెట్టు కుడతావా?” అని నవ్వాడు. ఆయన నవ్వు తగ్గేలోపే ఒక గొర్రె టేపు కొస నోట పెట్టుకుని నమిలేసింది, ఇప్పటికీ మొదటి రెండంగుళాల అంకెలు కనబడవు, మూడు దగ్గర పెట్టి కొలిచి మూడు తీసేసుకుంటున్నాం. మా అత్తకి ఇంకా చెప్పలేదు.

ముఖ్యంగా మూడు కొలతలు. ఒకటి ఎత్తు, ముందు గిట్ట ఆనిన నేల నుంచి మెడ దాటాక వీపు మొదలయ్యే చోటి దాకా. రెండోది పొడుగు, భుజం ముందు మొన దగ్గర నుంచి వెనక తుంటి ఎముక చివరి దాకా. మూడోది ముందుకాళ్ళ వెనకే ఛాతీ చుట్టు. చెప్పడానికి ఇంతే. చేయడానికి వెళ్తే గొర్రె మెడ పైకెత్తితే ఎత్తులో అరంగుళం మారుతుంది, నాలుగు కాళ్ళూ సమంగా ఆనకపోతే పొడుగు మారుతుంది, వాలు నేల మీద నిలబెడితే కొలతకు అర్థమే లేదు. మా బావమరిది పట్టుకుంటే ఒక అంకె, నేను పట్టుకుంటే ఇంకో అంకె వచ్చేది, చివరికి కొలిచేవాడు ఒక్కడే ఉండాలని, ప్రతిదీ రెండుసార్లు కొలవాలని పెట్టుకున్నాం. మేతకు పోకముందే ఎందుకంటే, సాయంత్రం కడుపు నిండా మేసి వచ్చిన గొర్రె పొట్ట దగ్గర వేరే జంతువులా ఉంటుంది.

ఈడు చూడకుండా కొలిస్తే అదంతా వృథా. నోరు తెరిచి కింది ముందు పళ్ళు చూడాలి. ఉన్నవన్నీ పాలపళ్ళేనా, రెండు పెద్దపళ్ళు వచ్చాయా, నాలుగా, ఆరా, ఎనిమిదీ నిండాయా. రెండు పళ్ళ నెల్లూరు ఆడగొర్రెను నోరు నిండిన గంజాం పొట్టేలు పక్కన పెట్టి రెండూ ఒకటే ఎత్తున్నాయి అంటే అది మోసం, తెలిసి చేసినా తెలియక చేసినా. సంతలో ఇదే జరుగుతోంది. రెండేళ్ళ కింద మావయ్య ఒక దళారి దగ్గర ఎర్ర పొట్టేలును ‘అసలు నెల్లూరు, ఇంకా పెరుగుతుంది’ అంటే నమ్మి ఎక్కువ ధర పెట్టి కొన్నాడు. ఇంటికొచ్చాక నోరు చూస్తే నాలుగు జతలూ వచ్చేసి ఉన్నాయి. ఇంకేం పెరుగుతుంది? కొమ్ములు పెరిగాయంతే.

ఆ రోజు మొదట కొలిచిన నోరు నిండిన ఆడగొర్రె 25 అంగుళాల ఎత్తు, 24 పొడుగు, 28 చుట్టు వచ్చింది. చుట్టును చుట్టుతోనే గుణించి, దాన్ని పొడుగుతో గుణించి, 660తో భాగిస్తే కిలోల్లో బరువు సుమారుగా వస్తుంది. ఈ గొర్రెకు 28న్నర కిలోలు. కాటా లేని ఊళ్ళో అమ్మేటప్పుడు ఈ లెక్క చాలా ఆదుకుంటుంది, కనీసం దళారి “ఇరవై కిలోలుంటదేమో” అన్నప్పుడు మనం నోరు విప్పొచ్చు. కాకపోతే బరువుతో జాతి తేల్చొద్దు. ఛాతీ చుట్టు కండను బట్టి, కాలాన్ని బట్టి పెరిగి తగ్గుతుంది, ఎండాకాలం చివర్లో కొలిచినదీ పంట కోశాక పొలాల్లో మేసినప్పుడు కొలిచినదీ ఒకటి కాదు. ఎత్తు, మొహం పొడుగు, చెవి పొడుగు అలా కాదు, ఎదిగిన గొర్రెలో అవి కరువొచ్చినా కుదించుకుపోవు.

చాలామందికి తట్టని సంగతి ఇంకొకటుంది. ఏ ఒక్క కొలతా ఒక్క గొర్రె జాతిని తేల్చదు. పొట్టి నెల్లూరువి ఉంటాయి, పొడుగు గంజాంవి ఉంటాయి, అంకెలు ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. పశు శాస్త్రవేత్తలు అందుకే చాలా మందల్లో చాలా గొర్రెల్ని కొలిచి, ఎత్తు, పొడుగు, చుట్టు, చెవి, తోక అన్నీ కలిపి లెక్కగడతారు. విడివిడిగా కలిసిపోయే జాతులు అన్నీ కలిపి చూస్తే దూరం జరుగుతాయి. ఎత్తుకూ పొడుగుకూ ఉన్న నిష్పత్తి కూడా చాలా చెబుతుంది. దేశంలో జాతుల్ని నమోదు చేసేది కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ, 1984లో పెట్టారు. అక్కడి జాబితాలో నెల్లూరుకు ఎలా చోటుందో గంజాంకూ అలాగే ఉంది. మాదేదో పేరులేని నాటు గొర్రె కాదు.

పెద్దదే మంచి జాతి అనే పిచ్చి కూడా మనకుంది. ఇదే ఒడిశాలో కేంద్రపడా గొర్రె ఉంది, చూడ్డానికి చిన్నది, టేపు పెడితే మాదానికంటే తక్కువే వస్తుంది, కానీ ఒక్క ఈతలో రెండు పిల్లలు పెట్టడం దానికి మామూలు. దానికి కారణమైన జన్యువు బెంగాల్ సుందరబన్స్ వైపు ఉండే గారోల్ అనే గొర్రె జాతిలో ఉన్నదే. టేపుకు దొరకని గుణం అది.

ఫొటో కింద పేరు తప్పు పడితే ఇంత రాద్ధాంతమా అనుకోవచ్చు. పశువుల లెక్కలకు ఇంటికొచ్చిన కుర్రాడు కూడా ఫోనులో బొమ్మ చూసి, మా మంద వైపు చూసి, ‘నెల్లూరే కదా’ అన్నాడండీ. మావయ్య దూరంగా ఉండి వినలేదు, నేను అడ్డుపడి గంజాం అని రాయించాను. నేను లేకపోతే? ఇలా నాలుగు ఊళ్ళలో పడితే కాగితం మీద మా గొర్రె తగ్గిపోతుంది, తగ్గిందని ఇంకో జాతి పొట్టేళ్ళు తెచ్చి దింపుతారు, ఆపైన కొలవడానికి అసలుది మిగలదు. 1936లో ఒడిశా విడిగా ఏర్పడినప్పుడు పాత గంజాం జిల్లా మధ్యలో గీత పడింది, ఇచ్ఛాపురం అటు, చికిటి ఇటు. మా మందలు ఇప్పటికీ గీతకు రెండువైపులా మేస్తాయి. అటు మేసినప్పుడు నెల్లూరువి, ఇటు మేసినప్పుడు గంజాంవి అయిపోవు కదా.

వచ్చే ఆదివారం సవరణ వేయండి, చిన్న అక్షరాల్లోనైనా పర్వాలేదు. ఫొటో తీసిన విలేఖరికి ఆ మంద ఏ ఊరిదో గుర్తుంటే చెప్పమనండి, నేనే వెళ్ళి కొలిచి అంకెలు పంపిస్తా. దొర రకమే అని తేలితే ఈ ఉత్తరం తప్పని కూడా నేనే రాస్తా. టేపు మాత్రం కొత్తది కొనుక్కోవాలి.

ఇట్లు,
మీ పాఠకుడు,
చికిటి దగ్గర, గంజాం జిల్లా, ఒడిశా